పనిమాటకూ పిచ్చాపాటీకీ ఒకే ఇల్లు: జూలిప్‌తో ఏడాదిన్నర

మా బృందంలో పదకొండు మందిమి ఉన్నాము. నలుగురము ఒకే ఆఫీసులో కూర్చుంటాము, మిగిలిన ఏడుగురు మూడు వేర్వేరు కాలమండలాల నుంచి పనిచేస్తారు. ఇలాంటి బృందానికి చాట్ సాధనమే ఆఫీసు. ఉదయం స్టాండప్ నోట్లు (ఎవరు ఏ పని చేస్తున్నారో చెప్పే రోజువారీ నోట్లు) రాసుకునేది అక్కడే, పుల్ రిక్వెస్ట్‌ను, అంటే కోడ్‌లో చేర్చబోయే మార్పును, రివ్యూ చేయమని అడిగేది అక్కడే, ప్రొడక్షన్‌లో, అంటే వినియోగదారులు వాడే అసలు వ్యవస్థలో, సర్వర్ పడిపోయినప్పుడు ఆన్‌కాల్‌లో ఉన్నవారిని పిలిచేది అక్కడే, ఆ గండం గడిచాక ఊపిరి పీల్చుకుని లోకాభిరామాయణంలో పడేదీ అక్కడే. పని గురించిన మాటకూ పనితో సంబంధం లేని మాటకూ మధ్య గోడ ఎక్కడ కట్టాలి, అసలు కట్టాలా అన్న ప్రశ్న ఏ ఐటీ బృందానికైనా ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మాకు అది గట్టిగానే ఎదురైంది, ఆ పర్యవసానంగానే మేము జూలిప్ అనే చాట్ సాధనానికి మారాము. ఏడాదిన్నరగా మా సొంత సర్వర్ మీద నడుపుకుంటున్న ఆ సాధనం గురించి, ముఖ్యంగా అది మా పనిమాటనూ పిచ్చాపాటీనీ ఎలా మార్చిందన్న దాని గురించి ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా మారడానికి దారితీసిన సంఘటన చెప్పాలి. అంతకుముందు వాడిన సాధనం పేరు ఇక్కడ అనవసరం. అందులో ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో ఛానెల్ ఉండేది, ఎవరు ఏది రాసినా అది వచ్చిన వరుసలో ఒకదాని కింద ఒకటి పేరుకునేది. ఒక సాయంత్రం రిలీజ్ జరుగుతోంది. అందరమూ ప్రాజెక్టు ఛానెల్‌లోనే ఉన్నాము కనుక, బిల్డ్ (కోడ్ నుంచి కొత్త వెర్షన్ తయారీ) పూర్తయ్యేదాకా ఖాళీగా ఉన్నవారు ఒక సహోద్యోగి కొత్తగా కొనుక్కున్న కీబోర్డు గురించి మాట్లాడుకుంటూ ఫొటోలు పెడుతున్నారు. సరిగ్గా రెండు ఫొటోల మధ్య ఒకరు ‘బ్యాకప్ ఇంకా పూర్తి కాలేదు, మైగ్రేషన్ ఆపండి’ అని రాశారు. మైగ్రేషన్, అంటే డేటాబేస్ పట్టికల రూపాన్ని మార్చే పని, నడపవలసిన వ్యక్తి ఆ వాక్యాన్ని చూడలేదు. పైకి జరిగిపోతున్న ఫొటోలను చూసి ఇంకా కబుర్లే నడుస్తున్నాయనుకుని, తన టెర్మినల్‌లో కమాండ్ కొట్టేశారు. చెడిపోయిన పట్టికలను పాత బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టడానికి ఆ రాత్రి ఆరు గంటలు పట్టింది.

తప్పు ఎవరిదీ కాదు. కీబోర్డు గురించి మాట్లాడినవారు పని ఎగ్గొట్టలేదు, ఆపమని రాసినవారు ఆలస్యం చేయలేదు, కమాండ్ కొట్టినవారు నిర్లక్ష్యంగా లేరు. అయినా మరుసటి రోజే ప్రాజెక్టు ఛానెల్‌లలో పని తప్ప మరే మాటా ఉండకూడదని నియమం పెట్టుకున్నాము, కబుర్లకు విడిగా ఒక ఛానెల్ తెరిచాము. ఆ నియమం చేసిన నష్టం మైగ్రేషన్ చేసిన నష్టం కన్నా పెద్దదని గ్రహించడానికి నాకు మూడు నెలలు పట్టింది. కబుర్ల ఛానెల్‌లో మొదటి రెండు వారాలు సందడిగా ఉంది, తరువాత పలచబడింది, ఆ తరువాత ఎవరైనా అక్కడ ఏదైనా రాస్తే పదకొండు మందికీ గంట మోగుతుందన్న మొహమాటంతో అందరూ రాయడం మానేశారు. మాటలు వ్యక్తిగత సందేశాల్లోకి వెళ్లిపోయాయి. ఎవరెవరికి స్నేహముందో వారే మాట్లాడుకునేవారు, కొత్తగా చేరినవారికి ఎవరూ లేరు. పనికి కూడా దెబ్బ తగిలింది, ఎందుకంటే ‘ఆ లైబ్రరీ కొత్త వెర్షన్ నిన్న నన్ను తెగ తిప్పలు పెట్టింది’ అన్నలాంటి మాట టికెట్లలో (పనుల చిట్టాలో) రాదు, స్టాండప్‌లో రాదు, కబుర్ల మధ్యలోనే జారిపడుతుంది. అది విన్నవారికి రెండు రోజుల పని ఆదా అవుతుంది.

జూలిప్ మూలం తెలిస్తే దాని స్వభావం తేలికగా అర్థమవుతుంది. అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయంలో 1980లలో, ప్రాజెక్ట్ ఎథీనా అనే కార్యక్రమంలో భాగంగా, జెఫిర్ అనే సందేశ వ్యవస్థ పుట్టింది. అందులో బృందానికి రాసే సందేశాల చిరునామాలో రెండు స్థాయిలు ఉండేవి: క్లాస్ అనేది విశాలమైన విభాగం, ఇన్‌స్టన్స్ అనేది ఆ విభాగంలోని ఒక నిర్దిష్టమైన సంభాషణ. ఆ అలవాటులో పెరిగిన టిమ్ అబట్, మరి కొందరు కలిసి 2012లో జూలిప్‌ను మొదలుపెట్టారు. 2014లో దానిని డ్రాప్‌బాక్స్ కొనుగోలు చేసింది, 2015లో మొత్తం కోడ్‌ను అపాచీ 2.0 లైసెన్సు కింద బహిరంగపరిచారు. ఇప్పుడు ఎవరైనా దానిని తమ సర్వర్ మీద పెట్టుకోవచ్చు, కోడ్ చదవవచ్చు, మార్చుకోవచ్చు. ఇటువైపు, నేటి ఆఫీసు చాట్ సాధనాలలో చాలావాటికి మూలపురుషుడు ఐఆర్‌సీ అనే పాత చాట్ వ్యవస్థ. ఫిన్లండ్‌లోని ఓలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ 1988లో రాసినది. ఐఆర్‌సీలో ఛానెల్ ఉంటుంది, దాని లోపల మరే విభజనా ఉండదు, మాట నదిలా పారిపోతుంది, ఒడ్డున ఉన్నవాడికే నీళ్లు దక్కుతాయి. జూలిప్ ఆ పాయ నుంచి రాలేదు, అదే దాని ప్రత్యేకత.

జూలిప్‌లో ఛానెల్ ఉంటుంది (2024లో వచ్చిన 9.0 వెర్షన్‌కు ముందు దానిని స్ట్రీమ్ అనేవారు), ప్రతి ఛానెల్ లోపలా టాపిక్‌లు ఉంటాయి. ఛానెల్‌లో రాసే ప్రతి సందేశమూ ఏదో ఒక టాపిక్‌కు చెందుతుంది. ఈమెయిల్‌కు సబ్జెక్ట్ ఎలాగో ఇది అలాగే, కాకపోతే ఆ శీర్షిక కింద మాట చాట్ వేగంతో నడుస్తుంది. మా బ్యాకెండ్ (సర్వర్ వైపు కోడ్) ఛానెల్‌లో ఈ క్షణాన ‘లాగిన్ టోకెన్ గడువు’, ‘గురువారం రిలీజ్’, ‘క్యూ నిండిపోతోంది’ అని మూడు టాపిక్‌లు కదులుతున్నాయి. గురువారం రిలీజ్‌తో నాకు పని లేకపోతే దానిని తెరవను. తెరిస్తే అందులో రిలీజ్ మాట తప్ప మరొకటి ఉండదు. ఇంత చిన్న ఏర్పాటు వల్ల ఒరిగేది ఎంత అన్న సందేహం నాకూ ఉండేది. వాడుతున్నకొద్దీ, మిగిలిన సౌకర్యాలన్నీ దీని మీదనే నిలబడి ఉన్నాయని అర్థమైంది.

ఉదాహరణకు, ఎనిమిది గంటలు నిద్రపోయి లేచినవారి పరిస్థితి తీసుకోండి. పాత పద్ధతిలో ఛానెల్ తెరిస్తే నూట యాభై సందేశాలు వరుసగా కనిపించేవి, వాటిలో నాలుగు సంభాషణలు పేకముక్కల్లా కలిసిపోయి ఉండేవి, చదవడం మొదలుపెట్టడమే ఒక శిక్ష. జూలిప్ ఇన్‌బాక్స్ తెరిస్తే చదవనివి టాపిక్‌ల వారీగా, ఒక్కోదాని పక్కన ఎన్ని సందేశాలున్నాయో అంకెతో సహా కనిపిస్తాయి. వాటిలో నాకు అవసరమైన నాలుగింటిని చదివి, మిగిలినవాటిని శీర్షిక చూసి చదివినట్టు గుర్తు పెట్టేస్తాను. కీబోర్డు మీద ఎన్ మీట నొక్కితే చదవని తరువాతి టాపిక్‌కు తీసుకువెళుతుంది, ఆర్ నొక్కితే జవాబు పెట్టె తెరుచుకుంటుంది. మౌస్ ముట్టకుండా ఇరవై నిమిషాల్లో రాత్రి జరిగినదంతా పట్టుకోగలుగుతున్నాను. అంతకన్నా ముఖ్యం, నిన్న మధ్యాహ్నం ఆగిపోయిన టాపిక్‌లో ఈ ఉదయం జవాబు రాస్తే అది ఆ ప్రశ్న కిందనే చేరుతుంది. ఆలస్యంగా ఇచ్చిన జవాబు దారి తప్పదు. కాలమండలాలు కలవని బృందంలో ఇది ఎంత గొప్ప ఊరటో అనుభవించినవారికే తెలుస్తుంది, ఎందుకంటే మాట జరుగుతున్న గంటలో మేలుకుని ఉన్నవారికి మాత్రమే నిర్ణయంలో వాటా దక్కే స్థితి దీనితో పోయింది.

మాట దారి తప్పకుండా ఎవరూ మాట్లాడలేరు. టోకెన్ గడువు గురించి మొదలైన చర్చ పదో సందేశానికి డేటాబేస్ కనెక్షన్ల మీదకు పోతుంది, అది మనుషుల సహజ లక్షణం. అప్పుడు ఎవరో ఒకరు ఆ తరువాతి సందేశాలను ఎంచి కొత్త టాపిక్‌లోకి తరలిస్తారు, పాతచోట అవి ఎక్కడికి వెళ్లాయో తెలిపే గుర్తును జూలిప్ తానే వదులుతుంది. శీర్షిక పేలవంగా ఉంటే తరువాత మార్చవచ్చు. చర్చ ముగిస్తే టాపిక్‌ను పరిష్కృతమైనట్టు గుర్తించవచ్చు, శీర్షిక ముందు టిక్కు పడుతుంది. ఈ టిక్కు మా పనిలో నేను ఊహించనంత స్థానం సంపాదించింది. ఒకే తరహా లోపం ఆరు నెలల తరువాత మళ్లీ తల ఎత్తినప్పుడు, వెతికితే టిక్కు పడిన టాపిక్ దొరుకుతుంది, దాని చివరి నాలుగు సందేశాల్లో పరిష్కారం ఉంటుంది, దానికి ముందున్న ముప్ఫై సందేశాల్లో ఆ పరిష్కారానికి ఎలా చేరారో ఉంటుంది. డాక్యుమెంటేషన్ రాయాలని కూర్చుని రాస్తే రాని వివరం అది.

ఇక పిచ్చాపాటీ విషయానికి వస్తాను, ఈ సమీక్ష రాయాలనిపించినదే దాని కోసం. జూలిప్‌కు మారినప్పుడు కబుర్ల కోసం ఒక ఛానెల్ తెరిచి, దానికి ‘అరుగు’ అని పేరు పెట్టాము. పాత సాధనంలో జరిగినట్టే ఇదీ రెండు వారాల్లో మూగబోతుందని నేను అనుకున్నాను. అలా జరగలేదు. తొలి నెలలోనే అందులో ఇరవైకి పైగా టాపిక్‌లు ఏర్పడ్డాయి: కీబోర్డులు, చదువుతున్న పుస్తకాలు, కుర్చీలూ వెన్నునొప్పీ, పెంపుడు పిల్లుల ఫొటోలు, చదరంగం, చూసినవాటిలో అతి విచిత్రమైన బగ్, పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడం. సందడి ఎందుకు నిలిచిందో ఆలోచిస్తే ఒకటే కారణం తోచింది. కబుర్లు చెప్పేవారిని ఆపేది నియమం కన్నా మొహమాటమే. నా మాట వల్ల ఎదుటివారి ఏకాగ్రత చెడుతుందేమోనన్న భయం మంచి మనుషులకే ఎక్కువగా ఉంటుంది, వారే ముందుగా మౌనం వహిస్తారు. చదరంగం మీద ఆసక్తి లేనివారు ఆ ఒక్క టాపిక్‌ను మ్యూట్ చేసుకుని, పుస్తకాల టాపిక్‌ను ఫాలో చేసుకోగలిగినప్పుడు, చదరంగం గురించి రాసేవారికి ఎవరినీ బాధిస్తున్నామన్న శంక ఉండదు. వినేవారు తాము ఎంచుకునే వింటున్నారని తెలుసు కనుక మాట ధైర్యంగా, తీరికగా, వివరంగా వస్తుంది.

తీరికగా అన్నది గమనించదగిన మాట. పాత పద్ధతిలో కబుర్లకు ఆయుష్షు అరగంట. పైకి జరిగిపోయిన మాటను మళ్లీ ఎత్తితే ఎబ్బెట్టుగా ఉండేది. మా కుర్చీల టాపిక్‌కు ఏడాది దాటింది. మొదట ఒకరు నడుము నొప్పి గురించి అడిగారు, ఇద్దరు తాము వాడుతున్న కుర్చీల గురించి రాశారు, రెండు నెలల తరువాత మరొకరు నిలబడి పనిచేసే బల్ల కొని ఎలా ఉందో చెప్పారు, ఆ తరువాత తెర ఎత్తు కంటి మట్టానికి ఉండాలా కిందికి ఉండాలా అన్న చర్చ వారం రోజులు నడిచింది. మాలో నలుగురు ఆ టాపిక్ చదివి తమ కూర్చునే పద్ధతి మార్చుకున్నారు. విచిత్రమైన బగ్‌ల టాపిక్ సరదాగా మొదలైనదే, కానీ గడియారాలను గంట వెనక్కి జరిపే రోజున రెండుసార్లు నడిచిన షెడ్యూల్డ్ జాబ్ (నిర్ణీత వేళకు తనంతట తానే నడిచే పని) గురించి ఒకరు అక్కడ రాసిన ముచ్చట చదివే, మా బిల్లింగ్ కోడ్‌లో సరిగ్గా అదే లోపం పొంచి ఉందని మరొకరు పట్టుకున్నారు. వెంటనే ఆ సందేశానికి లంకె ఇచ్చి బ్యాకెండ్ ఛానెల్‌లో కొత్త టాపిక్ తెరిచారు. కబురు పనిగా మారినప్పుడు దానికి దారి ఉండాలి, ఇక్కడ ఆ దారి రెండు క్లిక్కుల దూరంలో ఉంది.

జూలిప్ ప్రతిదానికీ శీర్షిక కోరుతుంది కనుక మాట బిగుసుకుపోతుందన్న విమర్శలో నిజం ఉంది. ‘ఈ రోజు తల పనిచేయడం లేదు’ అని ఒక నిట్టూర్పు విడవాలనుకున్నవారికి దానికి శీర్షిక ఏమి పెట్టాలో తోచదు, తోచేలోపు నిట్టూర్పు చల్లారిపోతుంది. తయారీదారులూ దీనిని గుర్తించినట్టున్నారు. 2025 మార్చిలో వచ్చిన 10.0 వెర్షన్‌లో శీర్షిక లేకుండా రాసిన సందేశాలను జనరల్ చాట్ అనే ఒక చోటికి చేర్చే వీలు కల్పించారు. దానిని మేము అరుగు ఛానెల్‌లో మాత్రమే వాడుకుంటున్నాము, పని ఛానెల్‌లలో శీర్షిక తప్పనిసరి అనే కట్టడిని అలాగే ఉంచుకున్నాము. అయితే కొత్తవారికి శీర్షిక పెట్టడం అలవాటు కావడానికి రెండు మూడు వారాలు పడుతుందని ముందే అనుకుని మారడం మంచిది. ఆ వారాల్లో ‘సందేహం’, ‘చిన్న సహాయం’, ‘అర్జెంట్’ లాంటి శీర్షికలు పుట్టుకువస్తాయి, ఓపికగా ఒకరు వాటిని సరిదిద్దుతూ ఉండాలి. మా బృందంలో ఆ పని మేడమ్ అని అందరూ పిలిచే మా టెస్టింగ్ లీడ్ తీసుకున్నారు, ఎవరినీ ఒక్క మాట అనకుండా శీర్షికలు మారుస్తూ పోయారు, నెల తిరిగేసరికి అందరికీ చేయి తిరిగింది.

శీర్షిక కోరడం వల్ల నేను ఎదురుచూడని మేలు మరొకటి జరిగింది. చాట్‌లో ‘హలో’ అని ఒక్క మాట పంపి, అవతలివారు పలికేదాకా అసలు విషయం చెప్పకుండా ఆగిపోవడం మన వృత్తిలో పాతుకుపోయిన అలవాటు. పంపినవారి దృష్టిలో అది మర్యాద, అందుకున్నవారికి మాత్రం పని ఆగిపోయి ఎదురుచూపు మొదలవుతుంది. ఛానెల్‌లో టాపిక్ రాయాలంటే విషయమేమిటో పంపేవారికి ముందే తేలాలి. ‘స్టేజింగ్‌లో 502 ఎర్రర్’ అని శీర్షిక పెట్టాక దాని కింద హలో అని ఒక్కటే రాయడం ఎవరికీ చేతకాదు, సర్వర్ రాసుకున్న లాగ్ ముక్క తెచ్చి పెడతారు. గత వేసవిలో చేరిన ఇద్దరు కొత్త ఉద్యోగులు మొదటి వారం నన్ను వ్యక్తిగత సందేశాల్లోనే అడిగేవారు, ‘సర్, తెలివితక్కువ ప్రశ్న అనుకోకండి’ అని మొదలుపెట్టేవారు. ప్రశ్నను ఛానెల్‌లో టాపిక్‌గా పెట్టమని, అక్కడ ముందే అటువంటి ప్రశ్నలు అడిగిన పెద్దవారి టాపిక్‌లు చూడమని చెప్పాను. పదేళ్ల అనుభవం ఉన్నవారు గిట్ రీబేస్‌లో (కోడ్ మార్పుల చరిత్రను సర్దే పనిలో) చిక్కుకుపోయి సహాయం అడిగిన పాత టాపిక్ వారికి కనబడింది. ఆ తరువాత వారి సంకోచం పోవడం నేను కళ్లారా చూశాను.

రోజువారీ పనికి పనికివచ్చే చిన్న సౌకర్యాల గురించి క్లుప్తంగా చెబుతాను. కోడ్ ముక్కలకు భాషను బట్టి రంగులు వస్తాయి. గణిత సూత్రాలు లేటెక్ అనే రాత పద్ధతిలో రాస్తే చక్కగా కనిపిస్తాయి. టికెట్ నంబరు రాస్తే అది తనంతట తానే ట్రాకర్‌కు లంకెగా మారేలా నిర్వాహకులు ఒక నమూనా ఇచ్చి పెట్టుకోవచ్చు. సమయం రాసేటప్పుడు దానికి ఉన్న ప్రత్యేక గుర్తుతో రాస్తే చదివే ప్రతివారికీ వారి వారి కాలమండలంలో కనిపిస్తుంది. ఇది వచ్చాక మా బృందంలో మీటింగ్ వేళ గురించి తికమక పూర్తిగా పోయింది. సందేశాన్ని ఇప్పుడు రాసి ఎదుటివారి పనివేళకు పంపేలా షెడ్యూల్ చేయవచ్చు. పేరు ప్రస్తావించినా గంట మోగకుండా మౌనంగా ప్రస్తావించే పద్ధతి కూడా ఉంది. ‘దీన్ని ఫలానావారు రాశారు’ అని చెప్పడానికి వారిని నిద్ర లేపనవసరం లేదు.

తెలుగులో రాసుకునేవారికి రెండు సంగతులు తెలియాలి. అరుగు ఛానెల్‌లో తెలుగువారము ఐదుగురము తెలుగు లిపిలోనే రాస్తాము, అక్షరాలు శుభ్రంగా కనిపిస్తాయి, శీర్షికలు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. అయితే శీర్షికకు 60 అక్షరాల పరిమితి ఉంది, ఆ లెక్క యూనికోడ్ సంకేతాలది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, ఆ లెక్కలో ఆరు: మూడు హల్లులు, రెండు పొల్లు గుర్తులు, ఒక గుడి దీర్ఘం. అందువల్ల ఒత్తులూ గుణింతాలూ నిండిన తెలుగు శీర్షిక ఇంగ్లీషు శీర్షిక కన్నా చాలా ముందే గోడకు తగులుతుంది, క్లుప్తంగా పెట్టడం నేర్చుకోవాలి. వెతుకులాట పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడుస్తుంది, మామూలు అమరికలో అది ఇంగ్లీషు పదాల రూపాంతరాలను కలుపుకుంటుంది గాని తెలుగు విభక్తులను కలుపుకోదు. ‘కుర్చీ’ అని వెతికితే ‘కుర్చీలో’ అన్నది దొరుకుతుందని ఆశించకూడదు. అన్ని భాషల్లో వెతకడానికి పీజీగ్రూంగా అనే అదనపు భాగాన్ని సర్వర్‌లో చేర్చుకునే వీలుంది. తెలుగులో ఎక్కువగా రాసుకునే బృందాలు మొదటి రోజే చేర్చుకోవడం మేలు.

ఆఫీసు చాట్‌లో కబుర్లు చెప్పుకునేవారు గోప్యత గురించి తప్పక ఆలోచించాలి, ఈ విషయంలో నేను కొంచెం గట్టిగా మాట్లాడదలచుకున్నాను. జూలిప్‌లో సందేశాలకు ఆద్యంత ఎన్‌క్రిప్షన్ (పంపినవారూ అందుకున్నవారూ తప్ప మరెవరూ చదవలేని రక్షణ) లేదు. రాసినది సర్వర్ డేటాబేస్‌లో ఉంటుంది, సర్వర్ ఎవరి చేతిలో ఉంటే వారికి అది అందుబాటులో ఉంటుంది. ఇది ఆఫీసు చాట్ సాధనాలు చాలావాటికి వర్తించేదే, కానీ ఆత్మీయమైన మాట పుట్టే చోట మనుషులు దీనిని మరచిపోతారు. అరుగు ఛానెల్ తెరిచిన రోజే మేము ఈ సంగతిని ఛానెల్ వివరణలో రాసిపెట్టాము. అంతేగాక జూలిప్‌లో సందేశాలను ఎంతకాలం ఉంచాలో ఛానెల్ వారీగా నిర్ణయించుకునే ఏర్పాటు ఉంది. పని ఛానెల్‌లను శాశ్వతంగా ఉంచుకుని, అరుగులోవి ఏడాదిన్నర దాటాక తొలగిపోయేలా పెట్టుకున్నాము. మొదట మూడు నెలలు చాలనుకున్నాము, కుర్చీల టాపిక్ పోతుందని అందరూ అడ్డు చెప్పడంతో పొడిగించాము. ప్రైవేట్ ఛానెల్‌లకైతే కొత్తగా చేరినవారికి పాత సందేశాలు కనిపించాలా వద్దా అన్నది విడిగా ఎంచుకోవచ్చు. ఈ రెండు ఎంపికలనూ సాధనం పెట్టిన రోజే అందరితో మాట్లాడి నిర్ణయించాలి, తరువాత మారిస్తే అనుమానాలు పుడతాయి.

మాట్లాడుకోవడానికి ఆడియో, వీడియో కాల్ జూలిప్‌లో సొంతంగా లేదు; సందేశం రాసే పెట్టెలోని బటన్ నొక్కితే జిట్సీ, జూమ్ లాంటి బయటి సేవకు లంకె తయారవుతుంది. మాకు అది చాలు. మొబైల్ యాప్‌ను 2025లో ఫ్లట్టర్ అనే యాప్ తయారీ పనిముట్టుతో కొత్తగా రాశారు. ఫోన్‌లో చదవడానికీ చిన్న జవాబులకూ అది బాగుంది, సంభాషణలను సర్దే పని మాత్రం నేను కంప్యూటర్ మీదనే చేస్తాను.

సొంత సర్వర్ మీద పెట్టుకోవాలంటే ఒక లినక్స్ యంత్రం, చిన్న బృందానికి కనీసం 2 జీబీ ర్యామ్, వాటి కన్నా ముఖ్యంగా బాధ్యత తీసుకునే ఒక మనిషి కావాలి. స్థాపన ఒక గంట పని, కానీ అప్‌డేట్లు వేయడం, బ్యాకప్ తీయడం, తీసిన బ్యాకప్ నిజంగా తిరిగి నిలబడుతుందో లేదో పరీక్షించడం ఎవరి పని అన్నది ముందే రాసుకోవాలి. మైగ్రేషన్ రాత్రి తరువాత మా బృందంలో ఈ మాట ఎవరికీ రెండోసారి చెప్పనక్కర లేకపోయింది. అంత ఓపిక లేనివారికి తయారీదారులే నడిపే క్లౌడ్ సేవ ఉంది. పాత సాధనం నుంచి సందేశాలను తెచ్చుకునే దిగుమతి పనిముట్లు కూడా ఉన్నాయి. మేము తెచ్చుకున్న పాత సందేశాలకు టాపిక్‌లు లేవు కనుక అవి ఒక గుట్టగా పడి ఉన్నాయి, వెతకడానికి మాత్రం పనికివస్తున్నాయి.

అందరూ ఒకే గదిలో, ఒకే వేళల్లో పనిచేసే నలుగురైదుగురి బృందానికి దీనిని నేను సిఫారసు చేయను. వారికి తల తిప్పి మాట్లాడితే సరిపోతుంది, శీర్షికలు పెట్టే శ్రమ ఎక్కువనిపిస్తుంది. ఎనిమిది మంది దాటినవారు, వేళలు కలవనివారు, కొత్తవారు తరచూ చేరే బృందాలు దీనిని ఒక నెల వాడి చూడాలి. చూసేటప్పుడు పని ఛానెల్‌లతో మొదలుపెట్టి ఊరుకోవద్దు, కబుర్ల ఛానెల్‌ను కూడా మొదటి రోజే తెరవండి, ఎవరైనా పెద్దవారు అందులో మొదటి టాపిక్ పెట్టండి. మా అరుగులో మొదటి టాపిక్ పెట్టింది ఆ రాత్రి మైగ్రేషన్ కమాండ్ కొట్టిన సహోద్యోగి. దాని శీర్షిక ‘ఆ కీబోర్డు ఫొటోలు మళ్లీ పెట్టండి, ఈసారి సరిగ్గా చూస్తాను’. ఆ టాపిక్‌లో ఇప్పటికి నాలుగు వందల సందేశాలున్నాయి.